వాసన చూడకూడని లిల్లీలు

లిల్లీ పూలను చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. పూల తప్పేం లేదు. తప్పు మేం కిరాయికున్న ఇంటామెది కొంత, నాది ఎక్కువ.

డెబ్బైల మొదట్లో అమ్మా నేనూ మియాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. అప్పుడది బండలూ జొన్నచేలూ ఉన్న పల్లెటూరు. నాన్న పోయాక ఆయన ఆఫీసులోనే అమ్మకు గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. కాకినాడ దగ్గర పుట్టింటి నుంచి అమ్మ నాలుగు లిల్లీ గడ్డలు పాతగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. వాకిట్లో పాతితే ఇంటామె మేకలు బతకనివ్వవు. అందుకని నూనె డబ్బాల అడుగున చిల్లులు పొడిచి, ఇసుకా మట్టీ కలిపి నింపి, గదిలోనే ఎండ పడే కిటికీ గట్టు మీద పెట్టింది. నీళ్లెక్కువైతే గడ్డ కుళ్లుతుందని చేత్తో చిలకరించేది.

వానాకాలంలో కాడలు లేచాయి. మొదటి మొగ్గలు విచ్చిన సాయంత్రం అమ్మ ఆఫీసు నుంచి వచ్చి, చేతిసంచి కూడా దించకుండా కిటికీ దగ్గర కూలబడి కళ్లు మూసుకుంది. నాన్న పోయాక ఆమె ముఖం అంత తేలిగ్గా ఉండగా నేను చూడలేదు. తలలో పూలు ఎలాగూ తీయించేశారు. వాసన పీల్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుంది, పిచ్చిది.

మర్నాడు పొద్దున బావి దగ్గర ఇంటామె నన్ను పట్టుకుంది.

"ఏంది బిడ్డా, మీ అర్రంత గుమగుమ అంటున్నది? మొగుడు లేని మనిషికి గింత వాసన పూలెందుకు? ఎవలకోసం?"

నీళ్లు చేదుతున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. నాకు పన్నెండేళ్లు. ఆ నవ్వు దేనికో అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయి, "దేవుడి కోసమండీ మామ్మగారూ" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

"అట్ల చెప్పరాదా మరి! దేవుని పూలు మనుషులు పండుకునే అర్రల పెడ్తరా? వాసన చూస్తే ఎంగిలైతయి, పూజకు పనికిరావు" అంది. అమ్మ ఆఫీసుకు వెళ్లగానే వచ్చి నాలుగు డబ్బాలూ తన దేవుడి గదికి ఎత్తుకుపోయింది. పుణ్యం చేస్తున్నాననే అనుకుంది, అదే నాకింకా మంట. నేనేం చేశాను? తలుపు తెరిచి పట్టుకున్నాను.

సాయంత్రం అమ్మ ఖాళీ గట్టు చూసింది. జరిగింది చెప్పాను. అమ్మ వెళ్లి ఇంటామెను అడగలేదు. అడిగితే పూలెవరికోసమన్న మాట మళ్లీ లేస్తుంది.

ఆ తర్వాత రోజూ ఇంటామె పూజ చేసి ముత్తయిదువలకు తలో పువ్వు పంచేది. నా జడలోనూ ఒకటి గుచ్చేది. పక్కనే నిలబడి ఉన్న అమ్మను దాటుకుని ఆమె చెయ్యి పోయేది. పెంచిన మనిషికి ఒక్క పువ్వు వాసన చూడ్డానికిస్తే ఏ దేవుడి సొమ్ము పోయేదో!

మూడో రోజు నా జడలోది తీసి అమ్మకివ్వబోయాను. తీసుకోలేదు.

"దేవుడి కోసమని ఎందుకు చెప్పావే?"

"వాళ్లు నవ్వుతున్నారమ్మా."

"నవ్వనీ. మా అమ్మకిష్టమండీ అంటే సరిపోయేదిగా" అంది, నా జడ సర్దుతూ.

అమ్మకు ఒకటి ఇష్టమని చెప్పొచ్చన్న సంగతే నాకు తట్టలేదు.