ముందు నువ్వు తాగమ్మా

మా మేడం పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నేను చైతన్యపురిలో మెట్రో మెట్లు ఎక్కుతుంటే వాళ్ల చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క వెళ్లిపోయిందమ్మా" అని ఒక్క మాటే అంది. నేను గోడ వైపు జరిగి నిలబడ్డాను. కోచింగుకు పోయే పిల్లలు నన్ను తోసుకుంటూ ఎక్కిపోతున్నారు. నిజం చెప్తున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వెనక వరుస పని కాకుండానే ఈమె ఎట్లా పోతుంది అని కోపం. ఆ వెనక వరుస ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె కాలేజీలో నాకు పాఠం చెప్పిన టీచరు. రిటైరయ్యాక వనస్థలిపురంలో తన ఇంటి ముందు గదినే ఆఫీసు చేసుకుని, బస్తీల్లో ఉండే పేదవాళ్లకు తాగే నీళ్లు, మరుగుదొడ్లు, ఒంటి శుభ్రానికి వసతులు ఎంతవరకు అందుతున్నాయో పరిశోధన మొదలుపెట్టారు. వయసు మళ్లిన మనిషి హాయిగా టీవీ చూసుకోక ఇదేం పని అని కాలనీలో అందరూ అన్నారు. ఆమె చెవిన వేసుకోలేదు. పాత శిష్యులం నలుగురం వెంట చేరాం. ఆమెది గుంటూరు వైపు, నాది నల్గొండ పల్లె. నేను "ఏంది మేడం" అంటే, "ఏందో చెప్తా, ముందు కూర్చో" అని నా మాట నాకే అప్పజెప్పి నవ్వేవారు.

కూర్చో అన్నది ఆమె నోట ఎప్పుడూ ఉండే మాట. మోకాళ్ల నొప్పులు ఉన్నా ఏ ఇంటికి పోయినా కుర్చీ వద్దనేవారు. నేల మీద చతికిలబడేవారు. లేవాలంటే నా భుజమే గతి. "నిలబడి అడిగితే నిలబడ్డ జవాబే వస్తుంది" అనేవారు. గడప దగ్గర నిలబడి రాసుకుపోయే వాళ్లకు జనం కూడా తొందరగా ఏదో ఒకటి చెప్పి పంపేస్తారని ఆమె లెక్క.

ఇంకో పట్టుదల కూడా ఉండేది. బస్తీలోకి నీళ్ల సీసా తేనిచ్చేవారు కాదు. మే నెల ఎండలో నాలుక పిడచకట్టుకుపోతున్నా సరే. "మన సీసా మనం పట్టుకెళితే, మీ నీళ్లు మాకు పనికిరావు అని మొహం మీద చెప్పినట్టే. వాళ్ల చేతి నీళ్లు ముట్టని వాళ్లని వాళ్లు చాలామందిని చూశారు" అనేవారు. అందుకని ఏ ఇంటికి పోయినా ముందు మంచినీళ్లు అడిగి తాగాలి, తర్వాతే ప్రశ్నలు. అది మా పద్ధతి. ఆ పద్ధతే మా కొంప ముంచింది.

ఎల్బీనగర్ దాటాక మురుగు పారే ఒక నాలా ఒడ్డున ఆ బస్తీ ఉంది. ఊళ్లలో పని లేక వచ్చిన కుటుంబాలు, మేస్త్రీ పనులు, ఆటోలు, ఇళ్లల్లో గిన్నెలు తోమే ఆడవాళ్లు. రోడ్డు వైపు రెండు వరుసలు, నాలా అంచున ఒక వరుస. మొత్తానికి ఒకే ఒక్క బోరింగ్, ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటాయి. మేం ఎండాకాలమంతా ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లో గ్లాసు ఇచ్చారు, తాగాం. మీరు ఏ నీళ్లు తాగుతారమ్మా అని అడిగాం. ఎక్కువ మంది ఫిల్టర్ క్యాన్ నీళ్లే అన్నారు. అదే రిపోర్టులో రాసి, పైపులైను కావాలని నీళ్ల ఆఫీసుకు పోయాం.

అక్కడ ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు. "మేడం, మీ రిపోర్టు నేను చదివిన. వాళ్లు క్యాన్ నీళ్లు తాగుతున్నరని మీరే రాసిన్రు. అంతకన్నా అధ్వానంగా ఉన్న బస్తీలున్నయి. ముందు వాళ్లకు ఎయ్యాలె గద" అన్నాడు. మా చేత్తో మేం రాసిందే. బయటికి వచ్చాక మేడం ఆటో ఎక్కి, ఇంటికి కాదు, బస్తీకి పోనివ్వమన్నారు.

మిట్టమధ్యాహ్నం. యాదమ్మ అనే ఆమె ఇంటికి పోయాం. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు హాస్టళ్లలో వంటపాత్రలు కడిగే మనిషి, అప్పుడే పని నుంచి వచ్చింది. మమ్మల్ని చూడగానే గ్లాసు పట్టుకుని పక్కింటికి పోయింది. క్యాన్ ఉన్నది పక్కింట్లో. ఆ గ్లాసు తెచ్చి మేడం చేతికిచ్చింది. యాదమ్మ పెదవులు ఎండి పొలుసులు లేచి ఉన్నాయి. మేడం గ్లాసు నోటి దాకా తీసుకుపోయి ఆగారు. మళ్లీ ఆమెకే చాచారు.

"ముందు నువ్వు తాగమ్మా."

"అయ్యో, మీకోసం తెచ్చిన మేడం. నేనెట్ల తాగుత?"

"మరి నువ్వు ఏ నీళ్లు తాగుతావు?"

యాదమ్మ కొంగు సర్దుకుంది. "ఏముంది మేడం, గా బోరింగ్ నీళ్లే. ఇంటికొచ్చినోళ్లకు గవి ఇస్తమా? ఇజ్జత్ ఉండొద్దా?" అంది. గొంతు తగ్గించి, "గవి గూడ పగటిపూట తాగ. తాగితే ఎటు పోవాలె? తెల్లారకముందు నాలా ఒడ్డుకు పోతం, మళ్ల చీకటి పడ్డంక పోతం. నడుమ గొంతు ఎండబెట్టుకునుడే" అంది.

మేడం గ్లాసు కింద పెట్టేశారు. మా ప్రశ్న తప్పు కాదు, అడిగిన తీరు తప్పు. క్యాన్ నీళ్ల గ్లాసు మా చేతిలో పెట్టి, ఆ ఇంటి ఇల్లాలు మేం ఉప్పు నీళ్లు తాగుతామని ఏ నోటితో చెప్తుంది? మర్యాద కోసం తెచ్చిన నీళ్లను మేం వాళ్ల రోజువారీ నీళ్లుగా రాసుకున్నాం. మరుగుదొడ్డి లేక ఆడవాళ్లు దాహం చంపుకుంటున్నారన్న సంగతి మా రిపోర్టులో ఎక్కడా లేదు.

మేడం ఆ సాయంత్రమే రిపోర్టు వెనక్కి తీసుకుంటానన్నారు. మేం నెత్తీ నోరూ కొట్టుకున్నాం. ఎండాకాలమంతా తిరిగిన తిరుగుడు గంగలో కలుస్తుందని నేను గట్టిగానే పోట్లాడాను. "కలవనీ. అబద్ధం మీద పైపు వేయించినా అది తప్పు చోటికే పోతుంది" అన్నారు. ఆఫీసరు దగ్గరికి పోయి, "తప్పు నాది. ఆ ఆడవాళ్లది కాదు. మళ్లీ అడిగి వస్తాను, అప్పటిదాకా ఆ బస్తీ పేరు లిస్టులోంచి కొట్టేయకండి" అని చెప్పి వచ్చారు. ఆయన ఆశ్చర్యపోయాడు. తప్పు ఒప్పుకోవడానికి అపాయింట్‌మెంట్ తీసుకున్న మనిషిని ఆయన అంతవరకు చూసి ఉండడు.

రెండోసారి పద్ధతి మార్చాం. గ్లాసు అడగడం మానలేదు. అయితే అది వచ్చాక, ముందు నువ్వు తాగమ్మా అనేవాళ్లం. కొందరు తాగేవారు, చాలామంది పెదవి తడుపుకుని పక్కన పెట్టేవారు. అప్పుడు కూర్చుని, పొద్దున్నించి నీళ్లు ఎప్పుడు తాగావు, ఎందుకు తాగలేదు అని అడిగేవాళ్లం. ఒంటికి పోయినప్పుడు వచ్చే మంట, నెలసరి రోజుల్లో ఆడపిల్లలు బడి మానుకోవడం అప్పుడు బయటపడ్డాయి. మేడం ఆ రోజుల్లో తను కూడా సాయంత్రం దాకా బాత్రూమ్‌కు బయటికి పోయేవారు కాదు. "నేను మెట్రో స్టేషన్‌కు పోయొస్త మేడం, మీరు ఉపవాసం ఉండుండ్రి" అని నేను లేచేదాన్ని. "వెళ్లు, వెళ్లు. నీది సుఖమైన ప్రాణం" అని నవ్వేవారు. ఆ మొండితనానికి ఒకసారి జ్వరంతో పడి లేచారు కూడా. నేను మొహం వాచేలా చీవాట్లు పెట్టాను. విని, మరునాడు మళ్లీ అదే పని చేశారు.

ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగిన కథ చెప్పను, చెప్పులు అరిగాయి అంటే చాలు. చివరికి పైపులైను వచ్చింది. యాదమ్మ వాళ్లుండే రోడ్డు వైపు రెండు వరుసలకు ఇంటింటికీ మరుగుదొడ్లు కట్టారు. నాలా అంచున ఉన్న వెనక వరుసకు మాత్రం రెండూ రాలేదు. అక్కడ తవ్వడానికి జాగా లేదన్నారు. కాదు, జాగా ఉందని మేడం దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టారు. దవాఖానలో చేరాక కూడా నేను పోగానే అడిగిన మాట అదే.

"వెనక వరుస సంగతేమైంది?"

"నడుస్తున్నది మేడం."

"నడుస్తుంటే సరిపోదమ్మా. చేరాలి" అని కళ్లు మూసుకున్నారు. ఆమె నాతో మాట్లాడిన చివరి మాట అదే.

పెద్దకర్మ రోజు మధ్యాహ్నం వనస్థలిపురం ఇంటికి యాదమ్మ వచ్చింది, తోడు ఇద్దరు ఆడవాళ్లు. మేడం చెల్లెలు గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది. యాదమ్మ ఎత్తి గడగడా తాగి, ఖాళీ గ్లాసు చాచి ఇంకో గ్లాసు అడిగింది. అదీ తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని ఫొటో వైపు చూసి, "తాగిన మేడం" అంది. అప్పటిదాకా గట్టిగా ఉన్న నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

నిన్న వెనక వరుసకు పోయాను. మేడం లేకుండా అదే మొదటిసారి. చివరి ఇంట్లో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఉంది. ఎవరో ఏమిటో అడగకముందే ముందు వరుసలో యాదమ్మ వాళ్ల నల్లా దాకా పోయి, చెంబుతో నీళ్లు తెచ్చి, గ్లాసులో పోసి నా చేతికిచ్చింది. ఎండ మాడుస్తోంది. నేను గ్లాసు ఆ పిల్లకే చాచాను.

"ముందు నువ్వు తాగమ్మా."

ఆ పిల్ల గ్లాసు తీసుకుంది. నాలా వైపు ఒకసారి చూసింది. పెదవులు తడుపుకుని, గ్లాసు మీద మూత పెట్టి గోడవారగా ఉంచింది. నిలబడే ఉన్నారేంది, కుర్చీ తెస్త అంది.

వద్దన్నాను. నేల మీద కూర్చున్నాను.