రెట్లాయన గీసిన ఎర్రగీత

ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ రెట్లాయన అంటారు. ఏ చప్పుడును ఎన్ని రెట్లు పెంచాలో, ఎంత సన్నటి, కీచు చప్పుడు దాకా వినాలో అంచనా వేసి, దానికి సరిపడే ఆప్-ఆంప్ చిప్పుతో యాంప్లిఫయర్ కట్టడం ఆయన పని. ఇంట్లోనూ అదే వరస. ఎందుకైనా మంచిదని రెండింతలు వదులుగా కుట్టించుకున్న ప్యాంటును పెళ్లి ఫోటోలో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఫోటోను బావమరిది ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు.

ఆ బావమరిదే ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. బాయిలర్ లోపల పగులు మొదలైతే ఇనుము సన్నగా చిటుకుమంటుంది. దాన్ని పట్టుకునే పెట్టెను రెట్లాయనే తయారుచేశాడు. పెట్టె మీది ముల్లు ఎర్రగీత దాటితే సైరన్ మోగాలి.

మేనేజరు కంటికి అది ఆనలేదు. "ముల్లు బతికుందో లేదో తెలియట్లేదయ్యా. చూడ్డానికొచ్చినవాళ్ల ముందు పరువు పోతోంది. పెంచు."

రెట్లాయన వంద రెట్లను వెయ్యి చేశాడు. తగ్గట్టే ఎర్రగీతనూ పదింతలు పైకి జరిపాడు. ముల్లు చక్కగా ఊగింది. మేనేజరు భుజం తట్టాడు. ఆ సంబరంలో చిప్పు లెక్క మళ్లీ వేయలేదు.

ఓ మధ్యాహ్నం బావమరిది డ్యూటీకి వెళుతూ అక్క దగ్గర భోజనానికి ఆగాడు.

"నీ పెట్టె బంగారం బావా. ఒక్కసారీ కూయలేదు. బాయిలర్ వెనక చెవి పెడితే మాత్రం చిటుకు చిటుకుమని ఒకటే గోల. నిన్న మరీ ఎక్కువైంది. ముసలిదైంది కదా, కీళ్లనొప్పులనుకుంటా."

రెట్లాయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చిప్పు బలం ఒకటే దుప్పటి, తలకు లాగితే కాళ్లు బయటపడతాయి. వెయ్యి రెట్లంటే ఆ చిప్పు మొద్దు చప్పుళ్లనే పెంచగలదు, సన్నటివాటికి బలం చాలదు. పెట్టెలో బాయిలర్ మొద్దు రొద పదింతలైంది, ముల్లును ఊపుతున్నది అదే. సన్నటి చిటుకు దాదాపు ఉన్నచోటే ఉంది. గీత దానికి అందనంత ఎత్తుకు పోయింది.

"పద. మంట ఆర్పాలి."

"ముందు చెయ్యి కడుక్కో బావా."

అంటూనే అతను బావ మొహం చూసి, కంచం వదిలి లేచాడు.

బాయిలర్ గదిలో ముల్లు నిదానంగా ఊగుతోంది. బావమరిది మంట ఆపేశాడు. ఫోన్లో మేనేజరు, "ముల్లు బాగానే ఉందిగా?" అన్నాడు.

"దానికి చెవుడండీ. నేనే తెప్పించాను."

మంట ఆరినా ఆవిరి ఒత్తిడి వెంటనే దిగదు. అందాకా నీటిమట్టం చూస్తూ ఒకరుండాలి.

"నువ్వు బయటికెళ్లు. నేను చూస్తాను."

"నువ్వా? నీళ్లు కూడా రెండింతలు వదుల్తావు."

ఇద్దరూ నవ్వలేదు, కదల్లేదు. చిటుకు ఇప్పుడు చెవి పెట్టకుండానే వినిపిస్తోంది. ఒకదాని వెనక ఒకటి, దగ్గరదగ్గరగా. ముల్లు మాత్రం ఎర్రగీతకు చాలా కింద, హాయిగా ఊగుతూనే ఉంది.