మూడు గుంటలు

ఏంబలం ఊళ్ళో మణియమ్మ ఎవరికీ జంకే మనిషి కాదు. పాతికేళ్ళుగా పిండి మర నడుపుతోంది. బెల్టు తెగినా, మోటారు మొరాయించినా తనే పానా పట్టుకుని కూర్చునేది. మిరపకాయలు ఆడించడానికి వచ్చి గొణిగేవాళ్ళను ఒక్క చూపుతో నోరు మూయించేది. అలాంటి మనిషి, రోడ్డు మీద జేసీబీ చప్పుడు వినబడితే చాలు, మర ఆపేసి పిండి చేతులతోనే గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చే స్థితికి వచ్చింది. తెచ్చింది నేనే.

నా పేరు భానుశ్రీ. మాది యానాం. పుదుచ్చేరి టౌనులో రామభద్రరావుగారనే ఇంజనీరు దగ్గర ప్లాన్లు గీస్తాను. తెలుగువాళ్ళు ఎవరొచ్చినా సారు నా బల్ల దగ్గరికే పంపేవారు. ఇక్కడ తరతరాలుగా ఉన్నవాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదివేది, రాసేది తమిళం. వాళ్ళ 'యాడ', 'ఏంది' విని లోపల నవ్వుకునేదాన్ని. తెలుగంటే నాదేనని పొగరు నాకు.

మణియమ్మ వచ్చింది వాళ్ళ నాయన ఇచ్చిన నేలను విడగొట్టించుకోవడానికి. రోడ్డు వైపు భాగం తమ్ముడు అణ్ణామలైది. వెనక భాగం ఆమెది, మర అక్కడే ఉంది. కాగితాల్లో మాత్రం అంతా ఒకే ముక్క. తమ్ముడు తన వంతును దుకాణాల ప్లాట్లుగా అమ్ముకోవాలనుకున్నాడు. శుభకార్యాలకు పనికిరాని తమిళుల ఆడి నెల వచ్చేలోపల అనుమతి రాకపోతే మొత్తం కలిపి అమ్మేద్దామన్నాడు. ఆమె సరేనని మాటిచ్చేసింది. అంటే అనుమతి రాకపోతే మర పోయినట్టే.

దుకాణాల ప్లాట్లంటే అరిటాకు చించినట్టు చించితే ఒప్పుకోరు. ప్రతి ప్లాటుకూ దారి చూపాలి, బండ్లు నిలిపే చోటు వదలాలి, వాననీరు ఎటు పోతుందో గీయాలి. ఇవన్నీ తర్వాత. ముందు ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, స్థలంలో చెరువూ కాలవా గుంటా ఏమైనా ఉన్నాయా అని.

"మీ వెనక వైపు గుంటలున్నాయా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఉండాయి పాపా, మూడు గుంట. దాంట్లోనే నా మర కట్టినాము."

"మూడేనా?"

"మూడే. మా నాయన నాకి ఇచ్చింది అంతే గదా."

పాత గుంటలు పూడ్చి పైన మర కట్టుకున్నారు కాబోలనుకున్నాను. ప్లానులో మర కింద చుక్కలతో మూడు వలయాలు గీసి, ఫారంలో 'ఉన్నాయి, మూడు' అని ఇంగ్లీషులో రాశాను. ఆమె తమిళంలో సంతకం పెట్టింది. నా మీద నమ్మకంతో సారు కూడా పెట్టేశారు.

కొన్ని వారాలకు ఆమె ఇంటికి తమిళంలో ఉత్తరం వెళ్ళింది. నీర్‌నిలైని, అంటే నీటి వనరును, పూడ్చి కట్టడం కట్టినట్టు మీ దరఖాస్తును బట్టే తెలుస్తోంది, పదిహేను రోజుల్లో తనిఖీకి వస్తాం, రుజువైతే కట్టడం తీసేయిస్తాం, ప్లాట్ల సంగతి ఆ తర్వాతే అని అందులో ఉంది. ఆమె ఫోను చేసినప్పుడు గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"పాపా, మాది గవర్మెంటు నీళ్ళ జాగానా? మర కూల్చేస్తారా?"

"గుంటలున్నాయని మీరే చెప్పారుగా పెద్దమ్మా. తనిఖీలో చూద్దాం" అన్నాను. అంత తేలిగ్గా అనేశాను.

తనిఖీకి ముందు రోజు ఫైలు పట్టుకుని ఏంబలం వెళ్ళాను. మణియమ్మ సగానికి సగమైపోయింది. మర ఆడించడానికి వచ్చినవాళ్ళను రేపు రమ్మని పంపేస్తోంది. స్విచ్చుబోర్డు పైన గోడకు ఉత్త మేకు కనిపించింది. చుట్టూ గోడంతా పిండి పట్టి ఉంటే, మేకు కింద నలుచదరంగా కొంత మేర శుభ్రంగా ఉంది.

తనిఖీలో చెప్పడానికి పనికొస్తుందని, "ఆ గుంటలు ఏ కాలంలో పూడ్చారు పెద్దమ్మా?" అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "గుంటని పూడ్చేదేంది? కొలిచేది గదా గుంట! మొత్తం తొమ్మిది. తమ్ముడికి ఆరు, నాకి మూడు. మా నాయన కయిరు తాడు పట్టి కొలిచి ఇచ్చె. అరవంలో కుళి అంటారే, అది."

తమిళంలో కుళి అంటే గొయ్యి, నేల కొలత కూడా. వీళ్ళు ఆ మాటను ఇంట్లో తెలుగు చేసుకుని గుంట అంటున్నారు. మా వైపు నేలను సెంట్లలో కొలుస్తాం, గుంటంటే నీళ్ళు నిలిచేదే. ఆమె నేల లెక్క చెబితే నేను చెరువులు తవ్వేశాను.

నిజం చెప్పాలంటే మొదట నాకు నా ఉద్యోగమే గుర్తొచ్చింది. తప్పుడు ఫారం, సారు సంతకం. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. రేపు అధికారి వస్తాడు, నీళ్ళు లేవని రాసుకుని పోతాడు. పోకపోతే? ఫారంలో ఉన్నదే నిజమనుకుంటే? మళ్ళీ ఆ ఉత్త మేకు వైపు చూశాను.

"అక్కడేముండేది పెద్దమ్మా?"

"మా నాయన పటం." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఊరోళ్ళ నీళ్ళు పూడ్చి నాకి ఇచ్చినాడేమోనని... చూడలేక తీసేసినా. రాగుల మూట ఎనకాల పెట్టినా."

అప్పుడు చెప్పేశాను. ఏ మాటా మింగలేదు. తిడుతుందనుకున్నాను, ఫైలు మొహాన కొడుతుందనుకున్నాను. ఆమె వెళ్ళి మర మీద చెయ్యి వేసింది.

"పదైదు దినాలు మా నాయన్ని దొంగ అనుకున్నా పాపా" అంది.

మర్నాడు కలైయరసన్ అనే అధికారి వచ్చాడు. నా వచ్చీరాని తమిళంలో తప్పు నాదని చెప్పి సంతకం చేసిన కాగితం ఇచ్చాను. ఆయన నవ్వలేదు. స్థలమంతా రెండుసార్లు తిరిగాడు, పాత సర్వే పటం తెప్పించుకుని చూశాడు, ఏదీ తేల్చకుండా వెళ్ళిపోయాడు. సంగతి తెలిశాక సారు మూడు రోజులు నా బల్ల దగ్గరికి ఎవరినీ పంపలేదు. ప్రతి ఉదయం టపా వచ్చేవేళకు పని ఆపి గుమ్మం వైపే చూస్తూ కూర్చునేదాన్ని. ఈ భయాన్నే కదా ఆమెకు పదిహేను రోజులు అంటగట్టానని అప్పుడు తెలిసింది.

ఆడి నెలకు ఇంకా నాలుగు రోజులుందనగా అనుమతి వచ్చింది. మర ఉన్న ప్లాటు మణియమ్మ పేరున విడిగా ఉంది, రోడ్డు దాకా దారితో సహా. బస్సెక్కి నేనే తీసుకెళ్ళాను. ఆమె కాగితాన్ని వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివింది. నీర్‌నిలై అన్న మాట ఎక్కడా లేదని మళ్ళీ వెతికి చూసుకుంది. తర్వాత రాగుల మూట వెనక నుంచి పటం తీసి, కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

"దింపించింది నువ్వే గదా. నువ్వే తగిలించు."

స్టూలెక్కాను. పెద్దాయన సూటిగా నన్నే చూస్తున్నాడు. పటం దారం మేకుకు తగలడానికి చాలాసేపు పట్టింది.