రేవు లాంచి వేటకెళ్ళిన ఏడాది

అబ్దుల్ రవూఫ్‌ది విజయవాడ వించిపేట. ఇరవై రెండేళ్ళు కృష్ణ మీద ఒకే లాంచి నడిపాడు. మనుషుల్ని, మోటార్ సైకిళ్ళని, మేకల్ని అవతలి ఒడ్డుకు దాటించడమే దాని పని. దిగువన వంతెన కట్టాక రేవు ఖాళీ అయింది. ఓనరు వెంకటసుబ్బారావు లాంచి వెనక తాళ్ళు చుట్టి లాగే వించి ఒకటి బిగించి, లాగుడు వల కట్టి, వరద నీళ్ళ మీద సముద్రంలోకి దింపి బందరు హార్బరుకు చేర్చాడు.

"ఈ ఇంజను సంగతి నీకే తెలుసు. నువ్వూ వెళ్ళు" అన్నాడు.

అలా యాభై ఆరేళ్ళ వయసులో రవూఫ్ చేపల పడవ ఇంజను మనిషయ్యాడు. చుక్కాని పట్టే సరంగు సొలొమోను. బందరు మనిషి, పుట్టు బెస్త. మొదటి రోజే రవూఫ్‌ని ఎగాదిగా చూశాడు. రవూఫ్ రోజూ ఓనరుకు ఫోను చేసి ఇంజను ఎలా ఉందో చెప్పేవాడు. సొలొమోనుకు మాత్రం అవి చాడీల్లా వినిపించేవి.

రెండో నెలలో పడవ అడుక్కి నీరు చేరడం మొదలైంది. హార్బరులో ఉన్నప్పుడు చుక్క ఉండదు. వేటలో ఉండగా మోకాలి లోతు నిండేది. పంపు పెట్టి తోడుకుంటూ, సగం వేటతో తిరిగొచ్చేవారు. రవూఫ్‌కు ఇంటి మీద గాలి మళ్ళి నీళ్ళు లోపలికొచ్చేలా ఏదో వాల్వు తిప్పుతున్నాడని సొలొమోను అనుమానం. కొత్త పడవ కొనిపించడానికి సొలొమోనే ఎక్కడో పలక సడలిస్తున్నాడని రవూఫ్ అనుమానం. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అన్నం తినడం మానేశారు. ఒకడు కిందికి దిగితే రెండోవాడు ఏదో వంకతో వెనకే దిగేవాడు.

ఇంటికొచ్చినప్పుడు భార్య సుగ్రాతో చెప్పాడు.

"ఆయన చేస్తుండగా మీరు చూశారా?" అంది సుగ్రా.

"చూళ్ళేదు."

"మరి చూసేదాకా ఆయన పేరెత్తకండి."

తర్వాతి వేటలో రవూఫ్ సుద్దముక్క తీసుకెళ్ళాడు. అరగంటకోసారి నీటిమట్టం దగ్గర గీత పెట్టాడు. మూడో గీత పెడుతుండగా పక్క చెక్క మీద కత్తితో చెక్కిన గాట్లు కనబడ్డాయి. తలెత్తితే మెట్ల మీద సొలొమోను, చేతిలో కత్తి.

"ఇయ్యి నీయా?"

"నాయే సాయిబుగారూ. మీరెప్పుడేం చేత్తారో తెలవాలిగా."

సొలొమోను కిందికి దిగాడు. ఇద్దరూ గీతలూ గాట్లూ కలిపి చూశారు. పడవ ఊరికే పరిగెత్తేటప్పుడు నీరు పెరగలేదు. వల లాగేటప్పుడే పెరిగింది, ప్రతిసారీ.

హార్బరుకు రాగానే పడవను ఒడ్డుకు లాగించారు. వెనక, పంకా తిప్పే షాఫ్టు బయటికొచ్చే చోట, సొలొమోను రంగు గీకాడు. రంగు కింద రేకు ముక్క, దాని కింద సిమెంటు. సిమెంటు కొడితే పలకలు మెత్తగా పొడిపొడిగా రాలాయి. నది మీద తేలిగ్గా తిరిగిన చెక్క అది. వల బరువుకు వెనక భాగమంతా విచ్చుకుంటోంది.

వెంకటసుబ్బారావు కారులో వచ్చి చూశాడు. ఆశ్చర్యపోలేదు. ఆ సిమెంటు ఎవరు పెట్టించారో రవూఫ్‌కు అప్పుడే అర్థమైంది.

"ఒక్క సీజన్ లాగించు రవూఫ్."

"లోపల ఆరుగురం ఉంటామండీ. నేను ఇంజను వేయను."

ఓనరు కాకినాడ నుంచి వేరే ఇంజను డ్రైవర్ని పిలిపించాడు. ఆ సంగతి తెలిసి రవూఫ్ ఊరెళ్ళకుండా రెండు రోజులు బందరు బస్టాండులో కాపు కాశాడు. వచ్చినతన్ని నేరుగా పడవ దగ్గరికి తీసుకెళ్ళి, రాలిన పొడి అతని చేతిలో పోశాడు. అతను సంచి కూడా దించలేదు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

లాంచి బురదలో ఒక పక్కకు ఒరిగి వానాకాలమంతా పడి ఉంది. చివరికి కలప కింద కొట్టేశారు. సరంగూ సాయిబూ కుమ్మక్కై మంచి పడవను పాడుచేశారని ఓనరు హార్బరంతా చెప్పాడు. ఏడాది దాకా సొలొమోనుకు ఎవరూ పడవ ఇవ్వలేదు. రవూఫ్ వించిపేటలో నీళ్ళ మోటార్లు బాగుచేసుకుంటున్నాడు.

మొన్న సొలొమోను ఫోను చేశాడు. ఒక పడవ దొరికిందట, ఇంజను మనిషి కావాలట.

"పడవ అడుగు చూశావా?" అన్నాడు రవూఫ్.

"చూశాను. మీరూ వచ్చి చూసుకోండి. నా మాట నమ్మొద్దు."

రవూఫ్ ఆ మధ్యాహ్నమే బందరు బస్సెక్కాడు.