నా కళ్లకింది సంచులు

నాకా అనే అటవీ చెక్‌పోస్టు కాపలాదారుడి జబ్బు గురించి ఎవరూ రాయరు. నా ముఖం చూసి తాగుబోతునని రాసినవారున్నారు గనుక అసలు సంగతి నేనే రాయాలి.

నలభై ఆరో ఏట ఒక పొద్దున ముఖం కడుక్కుని అద్దం చూసేసరికి కింది రెప్పలు ఉబ్బి వేలాడుతున్నాయి. "ఏందయ్యా, కండ్లకింద ఇప్పపూలు దాసినవా?" అని నా భార్య ముత్తమ్మ నవ్వింది. నేను కాపలా కాసే దోర్నపాల్ అటవీ నాకాకు వచ్చిన రేంజర్ నవ్వలేదు. "ఎంత సారా పట్టించావు, మాణిక్యం? వచ్చే తనిఖీ దౌరా నాటికి ఈ మొహం మారకపోతే నౌకరీ ఖతం" అని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

నేను సారా ముట్టను. బడికీ వెళ్లలేదు. కలప లారీల వెంట జగదల్‌పూర్ వెళ్లినప్పుడల్లా గ్రంథాలయంలో కూర్చుని చదువు నేర్చుకున్నాను. ఈసారీ అక్కడి వైద్యగ్రంథంలో నల్లజీడి నూనె వాపును కరిగిస్తుందన్న పేజీ రాసుకొచ్చి, నూనె పూశాను. శుద్ధి చేయనిది చర్మాన్ని కాలుస్తుందని తరువాతి పేజీలో ఉందట. తెల్లారేసరికి బొబ్బలు. కళ్లు తెరవలేకపోయాను.

"సదివినోడివి! నల్లజీడి కాలుస్తదని గొడ్లుగాసేటోళ్లకు సుత ఎరుకనే" అని తిడుతూ ముత్తమ్మ నన్ను లారీ ఎక్కించింది.

జగదల్‌పూర్ ఆసుపత్రిలో డాక్టరు లోషన్‌తో కడిగి, "కిడ్నీ చెడినా ఇలాగే ఉబ్బుతాయి. ముందు యూరిన్ టెస్ట్" అన్నారు. గాజుగొట్టంలో మూత్రాన్ని స్పిరిట్ దీపం మీద మరిగించారు. "ఆల్బుమిన్ లేదు, కిడ్నీ బాగానే ఉంది. వయసుతో చర్మం వదులై లోపలి ఫ్యాట్ ముందుకొచ్చింది. ఉప్పు తగ్గించు, తల ఎత్తులో పెట్టి పడుకో, కొంత నయం. పూర్తిగా పోవాలంటే మద్రాసులో ఆపరేషన్."

"ఆపరేషన్ చెడిపోతే?"

"చర్మం ఎక్కువ తీస్తే రెప్ప కిందికి తిరుగుతుంది. కన్ను సరిగా మూతపడదు."

"అయితే వద్దు. ఇది తాగుడు వల్ల కాదని సర్టిఫికెట్ ఇవ్వండి."

బొబ్బలు మానడానికి నెల పట్టింది. రేంజర్ వచ్చిన రోజు, నాకా దగ్గర ఆగిన బండివాళ్లందరి ముందూ ఆ కాగితం ఆయన చేతిలో పెట్టాను.

"సరేలే. కానీ ఆ సంచులు కోయించుకోరాదూ? చూడ్డానికి బాగాలేవు."

"నన్ను పెట్టింది అడవిని చూడ్డానికి సార్, మీరు నన్ను చూడ్డానికి కాదు."

ఆయన రిజిస్టర్‌లో సంతకం పెట్టి జీపెక్కాడు. నేను అదే నాకాలో ఉన్నాను, సంచులతో సహా. మీకూ కళ్లు ఉబ్బితే ముందు యూరిన్ పరీక్ష చేయించండి. ఎవరు చెప్పినా, ఏ పుస్తకం చెప్పినా, కంటి దగ్గర ఏమీ పూయకండి.

డాక్టర్ కేశవరావు గారికి, లారీ నడిపిన సోమయ్యకు, ఇకపై అధ్యాయం మొత్తం చదవందే లేవనివ్వనన్న గ్రంథపాలకుడు నరసింహం గారికి నమస్కారాలు. మద్రాసు మాటెత్తగానే "ఈ మొఖంతోనే కాపురం జేస్తున్న, నాకిదే గావాలె" అన్న ముత్తమ్మకు కూడా.