విశాఖకి మోసుకెళ్ళిన పనసపండు

అనంతగిరి ఘాట్‌రోడ్డు పక్కన ఎవరైనా పనసపండు కోస్తే, బస్సు కిటికీలోంచి వచ్చే ఆ వాసనకి అందరికీ నోరూరుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది.

చిన్నప్పుడు వేసవంతా మా గూడెంలో అదే వాసన. జిగురంటిన చేతులకి నూనె రాసుకుని, పిక్కలు నిప్పుల్లో కాల్చుకు తింటూ, సంత నుంచి వచ్చే నాన్న అడుగుల కోసం చెవులు రిక్కించేవాళ్ళం: ఒకటి మెత్తగా, ఒకటి టక్కుమని. మిలిటరీలో ఉండగా మందుపాతర పేలి ఆయన ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది. ఆ కాలికి సర్కారు పింఛనిచ్చింది, పెట్టుడుకాలిచ్చింది. కానీ ఏళ్ళ తరబడి బరువంతా కుడికాలి మీదే వేసి కొండలెక్కి దిగేసరికి, ఆ మోకాలూ అరిగి వాచిపోయింది. మొదటి గాయం వల్లే ఇదీ పాడైందని మెడికల్ బోర్డు ఒప్పుకుంటే దానికీ మిలిటరీ వాళ్ళే ఆపరేషన్ చేస్తారు. ఒప్పుకోకపోతే నాన్నకిక నడక లేదు.

పెద్దవాళ్ళ దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళడం మా కొండల్లో లేదు. అందుకని బోర్డు ముందుకి విశాఖ వెళ్ళిన రోజు అమ్మ మా చెట్టు పండే కోసి, గూడెం నుంచి రోడ్డు దాకా, బస్సు దిగాక మిలిటరీ ఆసుపత్రి గేటు దాకా నెత్తిన మోసింది. నాన్న నా భుజం పట్టుకుని కుంటుతూ వచ్చాడు. గేటు దగ్గర ఆగి, "ఇటియ్యే. ఆడమనిసి సేత మోయించి ఆఫీసర్ల ముందుకెల్తే ఏటి బాగుంటాది?" అని పండు భుజానికెత్తుకున్నాడు. అమ్మ వద్దంది. వింటేగా!

డాక్టరు కాగితాలకన్నా ముందు పండు చూశాడు.

"నువ్వే మోసుకొచ్చావా?"

మర్యాదకి అడిగాడనుకున్నాడు మా పిచ్చినాన్న. పెళ్ళాం మోసిందని చెప్పడానికి నామోషీ. నిటారుగా నిలబడి, "అవును సార్. మా సెట్టుదే," అన్నాడు.

ఇంత పండు మోసేవాడికి మోకాలు నొప్పేమిటన్నట్టు డాక్టరు పక్కాయన వైపు చూసి నవ్వాడు. మోకాలు ముట్టుకోనైనా లేదు. వయసుతో వచ్చిన అరుగుదల, పాత గాయంతో సంబంధం లేదు అని రాసి పంపేశారు. మేమింకా వరండాలో ఉండగానే లోపల పండు కోశారు. తొనలు భలే తియ్యగా ఉన్నాయని ఎవరో అంటే, అది విని నాన్న సంతోషించాడు. ఆ సంతోషాన్ని నేనివాళ్టికీ క్షమించలేదు.

మళ్ళీ వానలు పడేసరికి మోకాలు బిగుసుకుపోయి, నాన్న పాక్కుంటూ గుమ్మం దాటేవాడు. అప్పుడొచ్చింది, ఎప్పుడో కొలతలు తీసుకున్న కొత్త పెట్టుడుకాలు. పాతది అరిగిపోయి ఉంటుందని సర్కారు దయ!

"నిలబడలేనోడికి ఇదేటి సేత్తాది బాబూ?" అని తెచ్చినవాణ్ణి అడిగింది అమ్మ. సంతకం పెట్టమన్నాడతను.

నాన్న పోయాడు. గూడేనికి తారురోడ్డు పడింది, ఆయన ఎక్కి దిగిన కాలిబాట తుప్పల్లో కలిసిపోయింది. ఆ కొత్త కాలు మాత్రం ఇంకా మా ఇంట్లోనే ఉంది, అడుగున ఇంత మట్టి అంటకుండా.