ప్రార్థన అక్క

ఇది ఇంతకుముందు ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం సరిగా రాదు. మా అమ్మ మార్కాపురం దగ్గర పలకల ఫ్యాక్టరీలో చెక్క చట్రాలు బిగించేది. తమ్ముళ్లను చూసుకోవడానికి నన్ను ఇంట్లో ఉంచారు. యాభై దాటాక, మా చర్చిలో సాయంత్రాలు ఆడవాళ్లకు చదువు చెప్తున్నారంటే వెళ్లాను. బైబిల్ వాక్యం నా అంతట నేను చదువుకోవాలన్నదే నా ఆశ.

చదవడం వచ్చింది. ఒక ఆదివారం వేలు పెట్టుకుని కీర్తన చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. చదవగలిగిన ఆడమనిషికి భక్తి కూడా ఎక్కువ ఉంటుందని మా పేటలో నమ్మకం. అప్పటి నుంచి ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి గేదె ఈనలేకపోయినా నన్నే పిలిచేవారు. నేను ప్రార్థన అక్కనైపోయాను.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, చదవడం మొదలుపెట్టాకే నాకు అనుమానం వచ్చింది. పాస్టరు గారి గొంతులో విన్నప్పుడు అంతా సాఫీగా సాగిపోయేది. నేనే చదువుకుంటే మధ్యలో ఆగిపోయేదాన్ని. దేవుడు పంపిన వరదలో పోయిన పసిపిల్లలు ఏం పాపం చేశారని అనిపించేది.

నా కూతురు ఒంగోలులో నర్సు. పోయిన వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు, ప్రార్థన చేస్తానన్న పాస్టరు గారితో తాను నాస్తికురాలినని చెప్పింది. ఏం పని చేస్తావంటే చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆయన వెళ్లాక తిట్టాను. తిడుతూనే, అంత తేలిగ్గా చెప్పగలిగినందుకు అసూయపడ్డాను. చివరికి నా అనుమానం కూడా దానికి చెప్పేశాను.

"అయితే దేవుడు లేడంటావా?" అని అడిగింది.

"లేడని ఎట్ల అంటానే? ఉన్నాడనీ అనలేకున్నా."

"అట్లయితే నువ్వు అజ్ఞేయవాదివి. తెలీదనేవాళ్లను అట్లనే అంటారు."

"తెలీదనేదానికి కూడా ఒక పేరా?" అంటే నవ్వింది.

ఆ మాట పలకడానికి నాకు నోరు తిరగలేదు. నాస్తికురాలు అంటే మా పేటలో తిట్టుగానైనా తెలుస్తుంది. ఇది ఎవరికీ తెలియదు. పైగా నేనెవరినంటే చెప్పుకోవడానికి పుట్టినప్పటి నుంచి నాకున్నది ఆ చర్చే. నా పెళ్లి అక్కడే అయింది. నా భర్తను మట్టి చేసిన రోజు నన్ను పట్టుకుని కూర్చున్నదీ అక్కడి ఆడవాళ్లే. వాళ్ల మధ్య కళ్లు మూసుకుని కూర్చుంటే దొంగతనం చేస్తున్నట్టుండేది. వంట చేసేటప్పుడు చర్చికని పిడికెడు బియ్యం పక్కకు తీయడం మాత్రం మానలేదు. మానితే నేను ఇంకెవరినో అయిపోతానని భయం.

మొన్న సాయంత్రం ఎదురింటామె వచ్చింది. నాకంటే చిన్నది, చెల్లే అని పిలుస్తాను. ఆమె భర్త మేకలు కాస్తాడు. మర్నాడు గుండె ఆపరేషన్‌కి అతను గుంటూరు ఆసుపత్రిలో చేరాలి. వచ్చి ప్రార్థన చేయమంది. కాదనలేకపోయాను. అతని తల మీద చెయ్యి పెట్టాను. ఇన్నేళ్లు విన్న మాటలు వాటంతటవే వచ్చాయి, గొంతు కూడా వణికింది. ఇద్దరూ ఏడ్చారు.

కళ్లు తుడుచుకుని అతను, "అక్కా, ఎదలో బరువు దిగిపోయింది. ఇంక గుంటూరు పోయేది లేదు" అన్నాడు.

ఆమె నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. గుంటూరు వెళ్లండి అని మాత్రం అన్నాను. నీ ప్రార్థన మీద నీకే నమ్మకం లేదా అక్కా అని ఆమె నవ్వింది. లేదు అనలేక ఇంటికి వచ్చేశాను. ఆ మనిషికి ఏమన్నా అయితే దేవుణ్ణి అడిగే హక్కు కూడా నాకు లేదు.

తెల్లవారగానే వాళ్లింటికి వెళ్లాను. అతను మేకల దొడ్డి తలుపు తీస్తున్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలియదని, నిన్న నా నోటి నుంచి వచ్చింది అలవాటేనని, నా చేతిలో ఏ మహిమా లేదని.

అతను తల దించుకున్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"అయితే నిన్న అదంతా ఎవరికి చెప్పినావక్కా?"

"తెలీదు చెల్లే. ఆపరేషన్ మాత్రం మానొద్దండి."

ఆమె లేచింది. లోపలికి వెళ్లి, సర్ది పెట్టి వదిలేసిన సంచి బయటికి తెచ్చింది. నేను ఆటో పిలిచాను. తర్లుపాడు స్టేషన్‌లో వాళ్లతో పాటు రైలెక్కాను. నా పక్కన చోటున్నా ఆమె ఎదురు బల్ల మీదే కూర్చుంది. గుంటూరు దాకా వాళ్లతోనే వెళ్లాను.